నోటీసు ముందు, మాట తర్వాత

అన్న చేనులోంచి నా చేనికి ట్రాక్టరు పోయే బాట కావాలని ఆరేళ్లుగా కోర్టులో కొట్లాడుతున్నాను. ఈ రోజు మమ్మల్ని నంద్యాలలో మధ్యవర్తిత్వానికి పంపారు. అదీ పంచాయితీ లాంటిదే అనుకుని ఆళ్లగడ్డ నుంచి నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని పోయాను. అన్న ఐదుగురిని తెచ్చుకున్నాడు. మధ్యవర్తిగా ఉన్న లాయరమ్మ వాళ్లందరినీ బయటే కూర్చోబెట్టి మా ఇద్దరినే లోపలికి పిలిచింది.

“ఈడ తీర్పు చెప్పేటోళ్లు ఎవురూ లేరప్పా. నీకేం కావాల్నో మీ అన్ననే అడుగు” అంది.

అన్న ముఖం చూడకుండా బల్ల వైపు తిరిగాను. “అన్నా, నా చేనికి బాట ఇడుస్తావా?” అన్నాను.

“ఇడుస్తాలేరా. ఇన్నేండ్లలో నన్ను యాడ అడిగినావు నువ్వు? నోటీసు పంపిస్తివి గానీ!” అన్నాడు అన్న.

గంటలో సంతకాలైపోయాయి. బయట తొమ్మిదిమంది పెద్దమనుషులూ మమ్మల్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం పోయినేడు వదిన చనిపోయిన రోజు గుర్తొచ్చింది. కేసు నడుస్తుండగా అన్న ఇంటికి పోతే నేనే ఓ మెట్టు దిగినట్టుంటుందని ఆ రోజు నేను ఇంట్లోనే కూర్చున్నాను.

చేనికి బాట దొరికింది. అన్న గడప ఏ ముఖం పెట్టుకుని తొక్కాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.