రెండో అరలో సువార్త కేక్

నిన్న మధ్యాహ్నం పప్పులో తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. కింది ఫ్లోర్ డేవిడ్. మామూలుగా మెసేజ్ పెడతాడు కానీ ఫోన్ చెయ్యడు.

"అక్కా, సువార్త ఇగ లేదు."

ఏం మాట్లాడుతున్నావ్ అని కసిరేశాను. పొద్దున్నే కదా వాళ్ళావిడ మా వంటింట్లో నిలబడి, నా కాఫీకి వంక పెట్టి మరీ తాగి వెళ్ళింది!

మైత్రీవనంలో తను పనిచేసే కోచింగ్ సెంటర్‌లో, రిసెప్షన్ కుర్చీలోనే ఒరిగిపోయిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయిందట. హార్ట్ అన్నారు. నాకంటే చిన్నది. దానికి హార్టేంటి?

తాలింపు మాడిపోయింది. స్టవ్ ఎవరు ఆపారో నాకు గుర్తు లేదు.

తనని ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట వైపు వెళ్ళే సందుల్లో మా బిల్డింగ్. మేం పై ఫ్లోర్, వాళ్ళు కింద. ప్రతి క్రిస్మస్ మధ్యాహ్నం బిల్డింగ్ మొత్తం వాళ్ళ హాల్లోనే. బిర్యానీ డేవిడ్ చేసేవాడు. చీజ్‌కేక్ సువార్తది.

ఓవెన్ లేదు కాబట్టి నో బేక్. బిస్కెట్లు మా అప్పడాల కర్రతోనే నలిపి, వెన్న కలిపి అడుగున పరిచేది. పైన నీళ్ళు కారిపోయేదాకా గుడ్డలో కట్టిన పెరుగు, పనీర్, క్రీమ్.

పండగకి వాళ్ళ ఫ్రిజ్ నిండా మటన్. అందుకని కేక్ మా ఫ్రిజ్‌లో గట్టిపడేది. రెండో అర.

మాది గుడ్డు కూడా రానివ్వని ఇల్లు. మా అత్తగారు ప్రతిసారీ గుమ్మంలోనే ఆపేవారు. "గుడ్డు లేదు కదమ్మా?"

"లేదమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి."

ఒక ఏడు కేక్ పెట్టి వెళ్ళిన కాసేపటికే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, తప్పైంది. గట్టిపడనీకి వేసిన గా జిలేటిన్ ఉంది కదా, అది జంతువుల బొక్కల నుంచి తీస్తరంట. నాకు తెల్వదు. ఇప్పుడే చదివిన."

చెప్పకపోతే మాకు ఈ జన్మలో తెలిసేది కాదు. తనే కేక్ తీసుకెళ్ళి ఐస్ డబ్బాలో పెట్టుకుంది. అది సగం కారిపోయింది. ఆ ఏడు మేం తప్ప బిల్డింగ్‌లో అందరూ స్పూన్లతో తాగారు.

అత్తగారు ఫ్రిజ్‌ని పసుపు నీళ్ళతో కడిగించారు, అది వేరే సంగతి. కానీ మరుసటి డిసెంబర్‌లో ఆవిడే చైనా గ్రాస్ ప్యాకెట్ తెప్పించి, "ఇది వెయ్యమ్మా, సముద్రపు నాచే" అని సువార్త చేతిలో పెట్టారు. ఆ ఏడు మొదటిసారి ఆవిడ కూడా తిన్నారు. రెండోసారి కూడా అడిగి వేయించుకున్నారు.

అలంకరణ మాత్రం ఎవర్నీ చెయ్యనిచ్చేది కాదు. మధ్యలో దానిమ్మ గింజలతో నక్షత్రం, చుట్టూ పుదీనా ఆకులు, అంచున కొబ్బరి పొడి.

"మన అమీర్‌పేట్ల మంచు గింతే అక్కా" అనేది.

పోయినేడు సాయం చేద్దామని నేనే ముందురోజు గింజలు పేర్చాను. తెల్లారేసరికి ఎర్ర నీళ్ళు ఊరి తెల్లటి కేకంతా పాకేశాయి. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మళ్ళీ తనే నవ్వి, పైన ఇంకో పొర క్రీమ్ రాసింది.

అందుకే నిన్న పొద్దున కేక్ అరలో పెట్టి, పక్కన రెండు దానిమ్మకాయలు పెట్టి, వేలు చూపించి మరీ చెప్పింది.

"పండగ పొద్దుగాల చర్చి నుంచి వచ్చినంక నేనే చేస్త. నేను వచ్చేదాకా ముట్టుకోకు అక్కా. జర నీకు దండం పెడ్తా."

నవ్వుకుంటూ చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. నాతో అన్న ఆఖరి మాట అదే.

ఈరోజు సమాధి చేసి వచ్చాం.

అక్కడ వాళ్ళమ్మాయి జెస్సీ నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మమ్మీ కేక్ మీ దగ్గరే ఉందా?" అని అడిగింది. ఉంది నాన్నా అన్నాను.

వచ్చేటప్పుడు డేవిడ్ నన్ను పక్కకి పిలిచి, "దాన్ని పడేయుండ్రి అక్కా. నేను చూడలేను" అన్నాడు.

తల్లి కేక్ ఉందా అని కూతురు. పడేయమని భర్త. ముట్టుకోవద్దని తను. నేనేం చెయ్యాలి?

ఇంటికొచ్చి స్నానం చేసి పాల కోసం ఫ్రిజ్ తీశాను. అక్కడే ఉంది. తెల్లగా, ఏ నగా లేకుండా. ఎప్పుడొచ్చారో, అత్తగారు నా వెనక నిలబడి ఉన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "దాన్ని కదపకే" అన్నారు.

కాలమే మాన్పుతుందని, ధైర్యంగా ఉండమని దయచేసి కామెంట్లు పెట్టకండి. ఏదీ మానదు. రేపు పండగ. కింద తలుపు మూసే ఉంటుంది. ఆ పిల్లకి అమ్మ లేదు. ఇందులో మంచి ఎక్కడుందో నాకైతే కనిపించట్లేదు.

ఈ కేక్ నాలుగు రోజులకి మించి ఆగదని తనే చెప్పింది. ఆ తర్వాత పులిసిపోతుంది. నేనే తీసి పారబొయ్యాలి. తెలుసు.

కానీ ఈరోజుకి ముట్టుకోలేదు సువార్తా. గింజలు కూడా వొలవలేదు. నువ్వు పెట్టినచోటే ఉంది.

వెళ్ళిరామ్మా. నువ్వు నమ్మిన ప్రభువు నీకు శాంతినివ్వాలి. నీ జెస్సీని కూడా ఆయనే చూసుకోవాలి.