మోచేతి లోతు మట్టి

మా ఆఫీసు కిటికీలు తెరుచుకోవు. సింగపూర్‌లో ఆంగ్ మో కియో అనే చోట, పారిశ్రామిక వాడలో ఆరో అంతస్తు అది. చేరిన మొదటి వారంలోనే ఒక కిటికీ పట్టుకుని గట్టిగా లాగి చూశాను. పక్క సీటు చైనీస్ అమ్మాయి నవ్వి, "కెనాట్ ఓపెన్ లా" అంది. ఆ అద్దాల వెనక కూర్చుని నేను చేసే పనేమిటంటే, ఎక్కడో ఉన్న కొండల మీద మట్టి కొట్టుకుపోకుండా ఏ వాలులో ఎక్కడ కందకం తవ్వాలో కంప్యూటర్‌లో గీతలు గియ్యడం. ఆ కొండ ఎక్కనక్కర్లేదు. అక్కడి వాన చూడనక్కర్లేదు. ఏసీ చలికి శాలువా కప్పుకుని గీస్తే చాలు.

వై టూ కే గండం గట్టెక్కిన రోజులవి. మా వైపు ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేరే. సివిల్ చదివినవాళ్లూ, జంతుశాస్త్రం చదివినవాళ్లూ ఆర్నెల్ల కోర్సు చేసి విమానం ఎక్కేస్తున్నారు. నేను చదివింది నేల, నీటి సంరక్షణ. విశాఖ ఏజెన్సీ కొండల్లో ఒక స్వచ్ఛంద సంస్థలో మూడేళ్లు పనిచేశాను. పెళ్లయి మా ఆయనతో సింగపూర్ వచ్చాక, ఏడాది పాటు పదకొండో అంతస్తు ఫ్లాటులో గోడలు చూస్తూ కూర్చుని, పిచ్చెక్కిపోయి నేనూ కోర్సు చేశాను. కొండల మ్యాపులు చేసే కంపెనీలో ఉద్యోగం దొరికితే, నా చదువు మళ్లీ నా చేతికొచ్చిందని పొంగిపోయాను. చేతికొచ్చింది మౌస్ మాత్రమేనని తెలియడానికి నెల పట్టింది.

కొండల్లో నాకు అసలు పని నేర్పింది ఒక అవ్వ. ఆవిడకి నిలువు వాలులో ఒక చోడి చేను ఉండేది. రాగుల్ని అక్కడ చోళ్లంటారు. ఏటా దుక్కికి ముందు చేను మధ్యలో గునపంతో ఒక గుంట చేసి, అందులో చెయ్యి దించేది. మోచెయ్యి దాకా దిగేది. ఆ కింద రాయి. "ఇదే అమ్మీ మా ఆస్తి. మోసెయ్యి లోతు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో దిగులేమీ ఉండేది కాదు. ఏడాదికేడాది ఆ లోతు తగ్గకుండా చూసుకోవడమే ఆవిడ వ్యవసాయం.

కందకం తవ్వడానికి మా దగ్గర ఒక పనిముట్టు ఉండేది. రెండు పొడుగాటి కర్రలు పైన కలిపి కట్టి, నడుమ ఒక అడ్డకర్ర బిగించి, పైనుంచి తాడుకి ఒక రాయి వేలాడదీస్తాం. తాడు అడ్డకర్ర మీది గీతకి సరిగ్గా ఆనితే రెండు కాళ్లూ ఒకే ఎత్తున ఉన్నట్టు. ఆ రెండు చోట్లా మేకులు కొట్టి, కర్రని తిప్పుకుంటూ వాలుకి అడ్డంగా నడవాలి. ఆ మేకుల వెంట తవ్విన కందకంలో వాన నీళ్లు కదలకుండా నిలబడి నేలలోకి ఇంకుతాయి. ఎత్తు తేడా వచ్చిందా, అది కందకం కాదు, కాలవ. కొండ మీది నీళ్లన్నీ పోగేసి తెచ్చి పల్లంలో ఒక్క చోట కుమ్మరిస్తుంది. అసలేమీ తవ్వకపోయినా అంత నష్టం ఉండదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే.

మేకులు కొట్టేశాక కూడా అవ్వ తవ్వనిచ్చేది కాదు. ఒక వాన పడాలి. ఆ వానలో ఆకుల గిడుగు నెత్తిన పెట్టుకుని మేకుల వెంట నడిచి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, నాలుగైదు మేకులు పీకి వేరే చోట పాతేది. అప్పుడు తవ్వమనేది. మొదటిసారి నాకు ఒళ్లు మండింది. కొలత సరిగ్గా ఉందని వాదించాను. "నీ కర్ర నేలని సూస్తాది. నీల్లు ఏటి సూస్తాయో వానొస్తేనే తెలుస్తాది" అంది. ఆ సాయంత్రమే వాన పడింది. నేను చదునుగా ఉందనుకున్న చోట, గడ్డి కింద దాక్కున్న పల్లంలోంచి నీళ్లు తాడులా జారిపోతుంటే చూశాను. ఆ తర్వాత మూడేళ్లలో ఒక్క వాన చూడకుండా ఒక్క కందకమూ తవ్వించలేదు.

సింగపూర్లో వానకేం తక్కువ? మధ్యాహ్నం నాలుగయ్యేసరికి దభీమని దిగేది. ఒక్క చుక్కా మట్టి తాకేది కాదు. సిమెంటు కాలవల్లో పడి, బుద్ధిగా వరస తప్పకుండా వెళ్లిపోయేది. ఆ నీళ్లని చూస్తే నాకు మేమే గుర్తొచ్చేవాళ్లం.

నేను చేరిన ఏడాదికి డాట్‌కామ్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా ఆయన కంపెనీ కూడా పోయింది. ఇంక ఆ దేశంలో మా ఇద్దరి ఉనికికీ నా ఉద్యోగమే ఆధారం. అది పోతే రోజులు లెక్కపెట్టుకుని పెట్టె సర్దుకోవాలి. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్లోనే కంప్యూటర్ ముందు కూర్చునేవారు. నేను అడకత్తెరలో పోకచెక్కలా ఇల్లూ ఆఫీసూ మధ్య తిరిగేదాన్ని.

సరిగ్గా అప్పుడే నా స్క్రీన్ మీదకి అవ్వ కొండ వచ్చింది.

చాలా కొండ ప్రాంతాలకి కలిపి మా కంపెనీ మట్టి సంరక్షణ ప్లానులు గీస్తోంది. ఆ రోజు తెరిచిన మ్యాపులో గెడ్డ మలుపు, ఆ కొండవాగు వంపు, చూడగానే పోల్చుకున్నాను. ఆ మలుపు దగ్గర నేను ఎన్నిసార్లు చెప్పులు చేత్తో పట్టుకుని దాటానో. చేను ఎక్కడుందో వేలితో చూపించగలను. మా ప్రోగ్రాము గీసిన కందకం సరిగ్గా ఆ చేను నెత్తిన, గడ్డి కింది ఆ పల్లంలోకి దిగుతూ వెళ్తోంది. మ్యాపులో ఒక ఎత్తు గీతకీ ఇంకో ఎత్తు గీతకీ మధ్య నేల ఎలా ఉందో కంప్యూటర్‌కి తెలీదు. అది ఊహించుకుంటుంది. అక్కడ పల్లం లేదని ఊహించుకుంది.

మా మేనేజరు విజయవాడ వైపు ఆయన. చెడ్డవాడు కాదు. ఆయన క్యాబిన్‌కి వెళ్లి, ఈ గీత తప్పు, ఎవరైనా అక్కడ నడిచి, ఒక వాన చూసి సరిచెయ్యాలని చెప్పాను.

"వానా?" అన్నాడు. "డెలివరీ ఫ్రైడే కదమ్మా. క్లయింటుకి మెయిల్ పెట్టి, సార్, వాన వచ్చేదాకా వెయిట్ చెయ్యండి అని చెప్పమంటావా?"

నాకు కోపం ఆగలేదు. రుజువు చేస్తానన్నాను. కంపెనీలో నమూనాగా పెట్టుకున్న మ్యాపులో మేముండే ఫ్లాట్ల బ్లాకు వెనక ఉన్న పచ్చిక వాలు కూడా ఉంది. దాని మీద మా ప్రోగ్రాముతో ఒక గీత గీయించి, ప్రింటు తీసుకుని ఇంటికెళ్లాను. ఆదివారం పొద్దున్న బట్టలు ఆరేసే వెదురు గెడలు రెండు తీసి, పైన ప్యాంటు బెల్టుతో కట్టాను. అడ్డానికి చీపురు కర్ర. రాయి ఎక్కడా దొరకలేదు. ఆ ఊళ్లో ఊరికే పడున్న రాయి ఉండదు. చివరికి మా ఆయన తాళం కప్ప తెచ్చి తాడుకి కట్టారు.

"ఎవరైనా చూస్తే ఏంటనుకుంటారే?" అన్నారు.

"ఆరేసుకోవడానికి చోటు వెతుకుతున్నారనుకుంటారు. పట్టుకోండి."

కింది అంతస్తు చైనీస్ ఆంటీ చేతిలో కూరల సంచితో ఆగిపోయి, "అయ్యో, సచ్ లాంగ్ పోల్, డేంజరస్ లా" అని గొణుక్కుంటూ పోయింది. ముప్పై అడుగులు నడిచేసరికి మా ప్రోగ్రాము గీత, నా కర్ర చూపిన గీతకి మోకాలెత్తు కిందకి జారిపోయింది. ఎన్నో నెలల తర్వాత నా గోళ్లలో మట్టి చేరింది. మా ఆయన కూడా ఉద్యోగం పోయాక మొదటిసారి నవ్వారు.

సోమవారం ఆ కొలతలన్నీ మేనేజరు ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చూశాడు. "నువ్వు చెప్పింది కరెక్టే. రిపోర్టు చివర్లో, ఫీల్డులో సరిచూసుకోవాలని ఒక నోట్ పెడదాం. అంతకంటే మన చేతిలో ఏం లేదు" అన్నాడు. ఫైలు మూస్తూ, "మీ ఆయనకి ఎక్కడైనా కుదిరిందా అమ్మా?" అని అడిగాడు. బెదిరించడానికి అన్నాడో, మర్యాదకి అన్నాడో ఇప్పటికీ తెలీదు. నాకు మాత్రం పెట్టె సర్దుకోవడమే గుర్తొచ్చింది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, రిపోర్టు ఆఖరి పేజీలో ఆ నోట్ నేనే టైపు చేశాను. శుక్రవారం ఫైలు వెళ్లిపోయింది.

అవ్వకి స్వయంగా చెప్పేద్దామనుకున్నాను. వారం వారం ఆవిడ సంతకి వస్తుంది. సంత పక్కన ఎస్టీడీ బూతు ఉంది. నేను అక్కడ పనిచేసినప్పటి నుంచీ ఆ బూతు అతను తెలుసు. రెండు నెలల తర్వాత, ప్లాను కొండకి చేరి ఉంటుందనుకుని, లంచ్ టైములో మా క్యాంటీన్ పక్క ఫోన్ నుంచి కార్డుతో చేశాను. అతను కేకేసి అవ్వని పిలిచాడు.

"అమ్మీ! నువ్వేనేటి? బాగున్నావా? తింతన్నావా?" అని అరిచింది. ఆ వెంటనే తన గోల మొదలెట్టింది. "ఎవులో బాబులొచ్చి కాయితం సూపించినారు. కంప్యూటరు గీసినాదంట. మా సేను మీద తవ్వుతారంట. నాను ఒప్పలేదు. వాన రానీ, సూసినాక తవ్వుదురన్నాను."

నేను అనాల్సింది ఒక్కటే మాట. మంచి పని చేశావు అవ్వా, తవ్వనివ్వకు. అంతే. కానీ ఏం చేశాను? నవ్వాను. "ఆ కంప్యూటర్ నేనే అవ్వా. ఆ గీతలు గీసింది నేనే" అన్నాను.

ఆవిడ బూతు బయటికి తిరిగి, "ఒరే, మా అమ్మీయే గీసినాదంట్రా! ఆ దేశంలో కూకుని మన కొండ గీసినాదంట!" అని సంతంతటికీ వినిపించేలా చెప్పింది. నా గురించి అంత గర్వంగా ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది తప్పు గీత అని చెబితే ఆ గొంతులో సంతోషం చప్పున ఆరిపోతుందని భయపడ్డాను. నేనే తప్పు గీశానని ఒప్పుకోవడానికి సిగ్గు కూడా వేసింది. ఎలాగూ వాన చూడందే తవ్వనివ్వదు కదా, వానే చెబుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను.

తర్వాత రెండుసార్లు చేస్తే అవ్వ సంతకి రాలేదన్నారు. శ్రావణంలో దొరికింది. గొంతు నీరసంగా ఉంది.

"గట్టి వాన కొట్టినాది అమ్మీ. ఆ కందకం కొండ మీద నీల్లన్నీ మోసుకొచ్చి మా సేలో కుమ్మరించీసినాది. సోడి నారు, మట్టి అంతా గెడ్డలోకి పోనాది."

"ఎంత మిగిలింది అవ్వా?"

"గునపం దించి సెయ్యెట్టి సూసినాను. మణికట్టు కాడే రాయి తగిలినాది."

నా పక్కనుంచి జనం భోజనం ట్రేలు పట్టుకుని నడుస్తున్నారు. నేను రిసీవర్‌లోకి అరిచాను. అవును, ఆవిడ మీదే అరిచాను. "వాన చూడకుండా ఎందుకు తవ్వనిచ్చావు? ఇన్నేళ్లలో ఎప్పుడైనా అలా చేశావా?"

ఆవిడకి కోపం రాలేదు. నాకు తెలియని విషయమేదో నెమ్మదిగా విడమరిచి చెబుతున్నట్టు అంది.

"నువ్వు గీసినావన్నావు కదమ్మీ. ఇంక వానెందుకనుకున్నాను."

ఆ గీత తప్పని నాకు ముందే తెలుసని ఆ రోజు కూడా చెప్పలేదు.