నా గొంతులో మొలిచిన గడ్డ

పద్నాలుగేళ్లకే తన చావు తానే ఖరారు చేసుకుని, సైకిల్ ఎవరికివ్వాలో కూడా తేల్చేసిన మొనగాడిని మీరెప్పుడైనా చూశారా? అది నేనే. అంతటితో ఆగినా బాగుండేది. మస్కట్‌లో ఉన్న మా బాపు నౌకరీకి కూడా ఎసరు పెట్టబోయాను. మా ఇంట్లో వాళ్లు తొమ్మిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు కాబట్టి మీరూ నవ్వండి, నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

మాది కోరుట్ల పక్కన ఒక ఊరు. నాకు ఐదేళ్లున్నప్పుడు బాపు మస్కట్ పోయాడు. మూడేళ్లకోసారి రెండు నెలల ఛుట్టి మీద వచ్చేవాడు. మిగతా కాలమంతా వీడియో కాల్‌లోనే ఉండేవాడు. ఉండేవాడు అంటే పూర్తిగా కాదు. బాపుకు ఫోన్ పట్టుకోవడం ఏనాడూ చేతకాలేదు. తెర మీద కంపెనీ టోపీ, దాని కింద నుదురు, రెండు కనుబొమ్మలు, వెనకాల తిరిగే ఫ్యాను కనిపించేవి. ముక్కు కనిపించిన రోజు మాకు పండగే. ఇక ఇంట్లో మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, అక్క, నేను. వాళ్లిద్దరూ పగలంతా ఒళ్లో చాటలు పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి బీడీలు చేసేవాళ్లు. ఇంటికి మగదిక్కు ఎవరంటే నేనూ, ఆ నుదురూ.

తొమ్మిదో తరగతి మొదలైన కొత్తలో ఒక పొద్దున తల దువ్వుకుంటూ అద్దంలో చూస్తే, గొంతు మధ్యలో ఏదో పొడుచుకొచ్చి ఉంది. రేగుగింజ అడ్డంపడ్డట్టు ఉబ్బెత్తుగా ఉంది. వేలితో నొక్కితే కదిలింది. గుటక వేస్తే పైకి పోయి మళ్లీ కిందికొచ్చింది. భయంతో "అవ్వా" అని పిలిచాను. "అ" నా గొంతుతో వచ్చింది, "వ్వా" మేక గొంతుతో వచ్చింది.

మగపిల్లలందరికీ వచ్చేదే కదా అంటారు మీరు. మీకు తెలుసు, నాకు తెలియదు. బాపు ఇంటికొచ్చినప్పుడు ఆయన గొంతు చూడలేదా అంటే, నేను ఆయన తెచ్చిన బ్యాగు చూశాను. పైగా నా వెనక ఒక నేరం ఉంది. అంతకు నెల ముందు, అవ్వ బయటికి పోయినప్పుడు చాటలోంచి ఒక బీడీ కొట్టేసి, పెరట్లో నా దోస్తు గంగాధర్‌తో కలిసి తాగాను. దుకాణంలో బీడీ కట్ట మీద వేసే ఆ పాడైన గొంతు బొమ్మ నాకు బాగా తెలుసు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడట, బీడీల దొంగ గొంతు తడుముకున్నాడు.

రెండో అభిప్రాయం కోసం గంగాధర్ దగ్గరికి పోయాను. వాడు నాకంటే జానెడు పొట్టి. నా గొంతును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడ్డనే రా. సూడు, నాకు లేదు."

"ఇద్దరం తాగినం గద?"

"నువ్వు రెండు దమ్ములు గుంజినవ్. నేను ఒక్కటే."

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది? "ఎన్ని దినాలు ఉంటనంటవ్?" అనడిగాను.

వాడు కాసేపు లెక్కేసి, "దసరా దాక ఉంటవ్ తియ్," అని ధైర్యం చెప్పాడు. ఆ వెంటనే, "నీ సైకిల్ నాకిస్తవా?" అన్నాడు.

వాడి మాట పట్టుకుని ఊరికే కూర్చోలేదు, ఊళ్లో మగవాళ్ల గొంతులు పరిశీలించాను. మా హెడ్మాస్టరుకు మెడే లేదు, తల నేరుగా భుజాల మీద కూర్చుని ఉంటుంది. మా కాకకు మెడ ఉంది కానీ దానికి మూడు మడతలున్నాయి. పరిశోధన అక్కడితో ముగిసింది.

ఇక జూన్ ఎండలో మెడకు రుమాలు చుట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. మేక గొంతు బయటపడుతుందని మాట్లాడటం మానేశాను. దేనికైనా తల ఊపడమే. ఆకలి మాత్రం విపరీతంగా వేసేది. పోయే ముందు ఆకలి ఎక్కువవుతుందని నాకు నేనే చెప్పుకుని, ఐదో రొట్టె కూడా తినేవాణ్ణి. ప్యాంటు చీలమండల పైకెక్కితే, రోగంతో ఒళ్లు సాగుతుందనుకున్నాను.

"గీ ఎండల రుమాలేందిరా?" అని అవ్వ అడిగితే తల ఊపాను.

"వీనికి ఎవలో పిల్ల నచ్చినట్టున్నదే అవ్వా," అంది అక్క, బీడీకి దారం చుడుతూ. "మాట లేదు, ముచ్చట లేదు. అద్దం ముంగట నుంచి కదుల్తలేడు."

"గీ ఈడుల గట్లనే ఉంటరు. నాల్గు దినాలైతే గదే పోతది," అంది అవ్వ.

నాలుగు దినాలైతే పోయేది నేనని వాళ్లకేం తెలుసు? ఆ రోజు నా మీద నాకే ఎంతో జాలేసింది.

అవ్వకు చెబితే తట్టుకోలేదు. తన బీడీల వల్లే ఇదంతా అనుకుని ఇంకా కుములుతుంది. అందుకని ఒక మధ్యాహ్నం అవ్వ ఫోన్ తీసుకుని, బాపుకు వాయిస్ మెసేజ్ పెట్టాను. "బాపు, నా గొంతుల గడ్డ లేసింది. అవ్వకు చెప్పకు. బీడి నేనే తాగిన, అవ్వ తప్పేం లేదు. నా సైకిల్ గంగాధర్‌కు ఇయ్యున్రి." పంపాక మళ్లీ విన్నాను. పోయే మనిషి గొంతు అచ్చం అలాగే ఉంటుందనిపించింది.

అరగంటకు ఫోన్ మోగింది. అవ్వ ఎత్తింది. బాపు అరుపు తలుపు దగ్గరున్న నాకు కూడా వినిపించింది.

"పోరనికి ఏమైంది? గొంతు గట్లెందుకైంది? గడ్డ లేసిందంటుండు. నేనొస్తున్న. మేనేజర్ను ఛుట్టి అడుగుతా."

"నడిమిట్ల ఎట్లొస్తవ్? మళ్ల తీసుకుంటరా నిన్ను?"

"తీసుకుంటే తీసుకుంటరు, లేకుంటే లేదు. పోరని కన్న నౌకరి ఎక్కువనా?"

పని మధ్యలో వదిలి వచ్చిన వాళ్లను ఆ కంపెనీ మళ్లీ రానివ్వదని మా ఇంట్లో అందరికీ తెలుసు. దసరాకు మామూలు ఛుట్టి మీద రావాల్సిన మనిషి, నా మూలంగా ఉన్న నౌకరీ వదులుకుని వస్తున్నాడు. అప్పటిదాకా నా చావు గురించి ఏడవని నేను, అప్పుడు నిజంగా ఏడ్చాను.

"ఒక్క గంట ఆగు. డాక్టర్‌కు సూపిచ్చి ఫోన్ చేస్త," అని అవ్వ నా రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. వెనక అక్క ఉరికొచ్చింది. రుమాలు విప్పి చూసే ధైర్యం అవ్వకు లేకపోయింది. చూసి ఉంటే అక్కడే తేలిపోయేది.

మా ఊరి డాక్టర్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఆయన రుమాలు విప్పాడు. "ఎన్ని దినాల సంది ఉన్నది?" అనడిగాడు.

నేను ఆయన గొంతు వైపే చూస్తున్నాను. అక్కడ నాదానికి రెండింతలున్న గడ్డ, మాట మాటకూ పైకీ కిందికీ ఎగురుతోంది. పాపం, వైద్యం చేసే మనిషికే వచ్చింది.

"సార్, మీక్కూడ ఉన్నది," అన్నాను మెల్లగా.

"ఏంది?"

"గడ్డ. నా కన్న పెద్దగున్నది. మీరు గూడ బీడి తాగిన్రా సార్?"

డాక్టర్ చెయ్యి ఆయనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది. బల్ల మీద కూర్చున్న ముగ్గురు పేషెంట్లు కూడా గొంతులు తడుముకున్నారు. ముగ్గురికీ ఉన్నాయి. మొదట నవ్వింది మా అక్క.

"పిలగానికి ఏం రోగం లేదమ్మా," అన్నాడు డాక్టర్, నవ్వు ఆపుకుంటూ. "పెద్దోడైతుండు. గొంతు మారేటప్పుడు మగపిల్లలకు గిది ముందుకొస్తది. ఇంట్ల మగోళ్లెవ్వలు చెప్పలేదా?"

అవ్వ అక్కడే నేల మీద కూలబడింది. నన్ను దగ్గరికి లాక్కుని, "బతికినం బిడ్డా," అని తల నిమిరింది. ఆ తర్వాత బీడీ సంగతి గుర్తొచ్చింది. నిమిరిన చేత్తోనే వీపు మీద నాలుగు వాయించింది. అంత హాయిగా నేను ఎప్పుడూ దెబ్బలు తినలేదు.

బయటికొచ్చి వీడియో కాల్ చేస్తే, బాపు మేనేజర్ గది ముందు నిలబడి ఉన్నాడు. టోపీ, నుదురు, కనుబొమ్మలు కనిపించాయి.

"లోపలికి పోకు, పోరనికి ఏం కాలే," అంది అవ్వ. జరిగిందంతా చెప్పింది.

నేను ఫోన్ లాక్కున్నాను. "బాపు, జర ఫోన్ కిందికి పట్టు."

"ఎందుకురా?"

"పట్టు జర."

నుదురు పైకి పోయింది. తడిసిన కళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది, మీసం వచ్చింది, గడ్డం వచ్చింది. దాని కింద అచ్చం నాలాంటిదే. బాపు గుటక వేస్తే అదీ పైకి పోయి కిందికొచ్చింది.

"నీకెప్పుడొచ్చింది బాపు గిది?"

బాపు వేలొకటి తెర మీదికొచ్చి దాన్ని తడుముకుంది.

"నీ ఈడులనే. నీకు గూడ వస్తదని నాకు యాదికే లేదు బిడ్డా. నువ్వింక చిన్నగనే ఉన్నవనుకుంటున్న." మళ్లీ ఆయనే అన్నాడు, "ఏదన్న మాట్లాడు. కొత్త గొంతు ఇననియ్యి."

"ఏం మాట్లాడాలె?" అన్నాను. సగం మేక గొంతుతోనే.

బాపు నవ్వాడు. తెర మీద గొంతు ఎగిరెగిరి పడింది. దసరాకు మామూలు ఛుట్టి మీదే వచ్చి, బ్యాగు తెరిచి మొదట నాకొక గడ్డం గీసుకునే సామాన్ల డబ్బా తీసి ఇచ్చాడు. సైకిల్ రానందుకు గంగాధర్ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదే బాపయినా గొంతు చూపించడని నేను నేర్చుకున్నాను. అందుకే అప్పుడే మా అవ్వ చాట ముట్టి ప్రమాణం చేశాను: ఇక మీదట నా ఒంట్లో ఏది మొలిచినా, ఏది రాలినా, ముందు బాపునడగకుండా నా చావు నేను ప్రకటించుకోను. మాట తప్పలేదు కూడా. మొన్న దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేసరికి, వెంటనే మస్కట్‌కు వీడియో కాల్ చేశాను.

"బాపు, జర ఫోన్ పైకి పట్టు," అన్నాను.

ఎందుకో బాపుకు ఈసారి చెప్పకుండానే అర్థమైంది. మెల్లగా టోపీ తీశాడు.