సమాధుల తోట దారి ఆర్డరు

మా మేనకోడలు విశాఖపట్నంలో లా చదివి, అక్కడితో ఆగక మానవ హక్కుల మీద పరిశోధన చేస్తోంది. నేను ఎనిమిదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టి ఆటో ఎక్కినవాణ్ణి. మా ఇంటికి రావలసిన చదువంతా ఒక్కచోటే పోగుపడిందని మా చెల్లి అంటుంది. కావచ్చు గానీ, ఆ చదువును మోసుకు తిరిగే బండి మాత్రం నాదే.

ఆమె పరిశోధనలో ఒక అధ్యాయం కోనసీమలోని మా పేట గురించి. మా సమాధుల తోట మురుగు కాలువకు అవతల ఉంది. వానాకాలంలో ఎవరైనా పోతే, పెట్టెను భుజాల మీదికెత్తుకుని గుండెల్లోతు నీళ్ళలో నడవాలి. మా అమ్మను అలాగే తీసుకెళ్ళాం. ముందు పట్టిన నా కాలు జారితే పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆపి, "జాగ్రత్తండి, జాగ్రత్తండి" అన్నారు. ఆ తర్వాత మా పేటలోని రిటైరైన మాస్టారొకాయన హక్కుల కమిషనుకు అర్జీ రాశారు, పోయిన మనిషిని కూడా మర్యాదగా సాగనంపాలి కదా అని. కమిషను ఒప్పుకుంది. కాలువ మీద వంతెన కట్టి దారి వేయమని ఆర్డరిచ్చింది. పేటంతా మిఠాయి పంచుకున్నాం. మిఠాయి అరిగి ఏళ్ళయింది, దారి రాలేదు.

"అప్పట్లో పేపర్లో వేశారు కదా, ఆ ముక్క అంటించెయ్యి" అన్నాను మేనకోడలితో.

"వార్త చెల్లదు మావయ్యా. ఆర్డరు కాపీయే కావాలి. కమిషనుకు అర్జీ పెట్టాను గానీ జవాబొచ్చేసరికి నెలలు పట్టొచ్చు. నెలాఖరులోగా మూలం చూపించకపోతే ఆ అధ్యాయం తీసెయ్యమన్నారు మా గైడు గారు."

"తీసేస్తే ఏమవుద్ది?"

"అమ్మమ్మ ఎలా వెళ్ళిందో ఎక్కడా రాసి ఉండదు."

ఆటో స్టార్ట్ చేశాను.

తాటిపాక సెంటర్లో టీకి ఆగినప్పుడు ఫోను తీసి చూపించింది. ఆఫ్రికా దేశాలన్నీ కలిసి పెట్టుకున్న మానవ హక్కుల కోర్టొకటి ఉందట. యూరప్‌కి వేరే ఉందట. ఎక్కడో సముద్రాల అవతల ఎవరి గోడో, తీర్పు మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా గ్యాసు లారీల హారన్ల మధ్య నా కళ్ళముందు తెరుచుకుంది. పైసా అడగలేదు, ఎవరి తాలూకా అనీ అడగలేదు.

"అయితే మన కాలువ ఆఫ్రికాలో తవ్వించుకోవాల్సిందే" అన్నాను. ఆమె నవ్వింది. నాకు మాత్రం అప్పటి నుంచే ఒళ్ళు మండడం మొదలైంది.

ఆ ఆర్డరు అమలు చేయవలసిన ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసు పేరు చెప్పను, చెబితే మళ్ళీ కాఫీకి పిలుస్తారు. గుమస్తా గారు లేచి నిలబడి మా పిల్లకు కుర్చీ వేశారు.

"రండమ్మా, కూర్చోండమ్మా. ఆర్డరు కాపీ అండి? ఆయ్, తప్పకుండానండి. ఎంత మాట! ముందు కాఫీ తీసుకోండి. రేపొకసారి వచ్చేరంటే చూసి ఉంచుతానండి."

మర్నాడు వెళ్తే కాఫీతో పాటు బజ్జీలు పెట్టారు. ఆ మరుసటి వారం బజ్జీల్లోకి చట్నీ కూడా వచ్చింది. కాపీ రాలేదు. మా కోనసీమలో లేదనడం అమర్యాద. అందుకని లేదనరు, ఇవ్వరు. తిట్టి గెంటేస్తే తిరగబడొచ్చు. బజ్జీ పెట్టి పంపిస్తే ఎవరి గొంతు పట్టుకోమంటారు?

చివరికి మాస్టారింటికి వెళ్ళాం. ఆయన పోయి చాలాకాలమైంది. వాళ్ళావిడ ఉన్నారు.

"ఆ కాగితమా? ప్రాణంలా చూసుకున్నారయ్యా. ఎక్కడా పోకూడదని బైబిల్లో పెట్టుకున్నారు."

"ఆ బైబిలేదండీ?" అంది మేనకోడలు ఆశగా.

ఆవిడ కాలువ వైపు చూశారు.

మా పేటలో పోయిన మనిషి చదువుకున్న బైబిల్ని గుండెల మీద పెట్టి పెట్టె మూస్తాం. మూసే ముందు పేజీలు తిరగేసి చూడాలని ఎవరికి తోస్తుంది? ఆ పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. "మాస్టారు ఇంత బరువున్నారేంటర్రా" అని నీళ్ళలో జోకేసింది కూడా నేనే.

మళ్ళీ ఆఫీసు. గుమస్తా గారు మమ్మల్ని చూడగానే కాఫీకి కేకేసి, "నాకొక ఉపాయం తోచిందండి. మాస్టారింట్లో కాపీ ఉంటుంది కదండీ, అది తెచ్చేరంటే స్టాంపు వేసి ఇచ్చేస్తామండి" అన్నారు.

"కాపీ సమాధుల తోటలో ఉందండి. మీరు దారి వేయిస్తే వెళ్ళి తెచ్చుకుంటామండి."

ఆయన కప్పు నా వైపు జరిపారు. "ముందు కాఫీ తీసుకోండి."

"వద్దండి."

"చల్లారిపోద్దండి."

"మా ఆర్డరు చల్లారిపోలేదాండీ?"

చుట్టూ బల్లల దగ్గర చేతులాగిపోయాయి. మా వైపు మనిషిని ఎన్నయినా అనొచ్చు గానీ, పెట్టిన కాఫీ వద్దనకూడదు. మేనకోడలు నా చొక్కా లాగింది. నేను కదల్లేదు. అప్పుడు తనే మెల్లగా, "మీ దగ్గర లేకపోతే లేదని రాసిచ్చేయండి" అంది.

"రాసివ్వడం దేనికమ్మా, నోటితో చెబుతున్నాను కదండీ."

"నోటితో దారి కూడా వేసేశారు కదండీ" అన్నాను.

కాఫీ మీద తొరక కట్టింది. ఇంకో కప్పు తెప్పించారు. అదీ ముట్టలేదు. లోపలి నుంచి ఆఫీసరు గారు బయటికొచ్చి ఆ రెండు కప్పులనూ, మమ్మల్నీ చూశారు. "ఏంటండీ, మావాళ్ళేమైనా మర్యాద తప్పేరా?" అని అడిగారు. మేనకోడలు సంగతంతా చెప్పింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని గుమస్తా గారితో, "రాసిచ్చెయ్యండి, వాళ్ళని కాఫీ తాగనివ్వండి" అన్నారు. సదరు ఉత్తర్వు ఈ కార్యాలయపు రికార్డులలో లభ్యం కాలేదని సంతకంతో, సీలుతో ఇచ్చారు. మా పిల్ల ఆ చల్లటి కాఫీని సంతోషంగా తాగేసింది. నేను తాగలేదు.

ఆటోలో ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఇది బంగారం మావయ్యా. ఆర్డరొచ్చినట్టు వార్త ఉంది, ఆర్డరే తమ దగ్గర లేదని వీళ్ళ సీలుంది. రెండూ కలిపి పెడితే అధ్యాయం తీసెయ్యమనలేరు."

తీసెయ్యమనలేదు కూడా. మా అమ్మ వెళ్ళిన తీరు పుస్తకంలో ఉంటుంది. సంతోషమే. కానీ కాగితం లేదని చెప్పే కాగితం కోసం ఇన్నాళ్ళు తిరిగామన్న మంట నాకింకా చల్లారలేదు. దారి లేదని చెప్పడానికి నాకు ఏ సీలూ అక్కర్లేదు. ఎవరైనా వానాకాలంలో మా పేటకు రండి. చొక్కా విప్పి ముందు నేను దిగుతాను. వెనక్కి వచ్చాక తాగుదాం కాఫీ.