రోమ్ గోడ దగ్గర దొరికిన మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడు. ఆర్మూర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో స్పీచ్ థెరపిస్టుగా నాకది ఎనిమిదో సంవత్సరం. పసుపు తవ్వకాలు జోరుగా సాగుతున్న రోజుల్లో భీమ్‌గల్ నుంచి గంగామణి తన భర్త నర్సయ్య సార్‌ను తీసుకొచ్చింది. కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి తగ్గాక అఫేసియా మిగిలింది. అంటే, ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, మనసులోని మాట మాత్రం నోటికి రాదు.

అందరికీ చేసినట్టే బొమ్మల కార్డులతో మొదలుపెట్టాను. ఆవు, గ్లాసు, గొడుగు. ఆయన వాటిని పక్కకు నెట్టేసేవారు. "లేదు" అన్న ఒక్క మాటే వచ్చేది. నెల గడిచినా అంతే. పనులు వదులుకుని వారానికి రెండుసార్లు బస్సులో రావడం వృథా అని గంగామణికి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"గీ బొమ్మలు చూస్తే ఆయనకు సిగ్గయితున్నది మేడమ్. అన్నం తినుకుంట సుత రోమోళ్ల లడాయి ముచ్చటే చెప్తుండె. గదే అడుగుర్రి."

ఆ వారమంతా రోమ్ యుద్ధాల గురించి చదివాను. తర్వాతి సెషన్‌లో ఇటలీ పటం గీసి ఆయన ముందు పెట్టాను. రోమ్‌కు శత్రువైన కార్తేజ్ రాజ్యపు సేనాని హానిబల్, ఇటలీలోని కానే అనే ఊరి దగ్గర రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. కానీ రోమ్ నగరం మీదికి పోలేదు, చివరికి ఓడిపోయాడు.

"అప్పుడే రోమ్ మీదికి పోయి ఉంటే గెలిచేవాడు కదా సార్?" అన్నాను.

తప్పు రాసిన విద్యార్థిని చూసినట్టు చూశారు. పెదవులు చాలాసేపు కదిలాయి.

"లేదు... గో... గోడ."

నగరం చుట్టూ గోడ ఉంది, దాన్ని కూల్చే సరంజామా హానిబల్ దగ్గర లేదు. అదీ ఆయన వాదన. గంగామణి బెంచీ మీంచి లేచి నిలబడింది.

ఇక పట్టు వదల్లేదు. గ్రీసులోని ఏథెన్స్ వాళ్లు సిసిలీ దీవి మీదికి యుద్ధ ఓడలు పంపి ఓడిపోయారు కదా, పంపకుండా ఉంటే ఏమయ్యేదని అడిగేదాన్ని. కావాలనే తప్పు జవాబు నేనే చెప్పేదాన్ని. ఆయన సరిదిద్దేవారు. ఇంట్లో పసుపు ఆరబోస్తూ గంగామణి అవే ప్రశ్నలు వేసేది. నిన్న వచ్చిన మాట ఇవాళ రాకపోతే ఆయన బల్ల మీద గుద్ది, మళ్లీ మొదటి అక్షరం పట్టుకునేవారు.

ఆరు నెలల తర్వాత, హానిబల్ ఎట్లా గెలిచేవాడో చెప్పమన్నాను.

"ఇంటోళ్లు... ఫౌజు... పంపితే... గెలుస్తుండె." ఇంటోళ్లంటే కార్తేజ్ వాళ్లు. తర్వాత భార్య వైపు తిరిగారు. "నాకు... ఫౌజు... వచ్చింది."

ఆయన మాట పూర్తిగా తిరిగి రాలేదు. తడుముకుంటూనే వాదించే స్థాయికి మాత్రం చేరారు. అప్పటి నుంచి కొత్త పేషెంటు వచ్చిన మొదటి రోజే ఇంటివాళ్లను ఒకటి అడుగుతున్నాను: ఈ మనిషి దేని గురించి ఊరుకోకుండా వాదించేవారు? చికిత్స అక్కడే మొదలుపెడతాను.