కొళాయి దగ్గర మా మామ కోర్టు

మా మామ చిత్తూరు కోర్టులో బంట్రోతుగా పనిచేశారు. గుమ్మం దగ్గర నిలబడి వాది ప్రతివాదుల పేర్లు మూడేసి సార్లు అరవడం ఆయన పని. పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో, నేను కోడలిగా వచ్చిన ఏడాదే రిటైరయ్యారు. మొదట్లో హాయిగా నిద్రపోతున్నారనుకున్నాం. పోనుపోను గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలకడం మానేశారు. అన్నం పెడితే కెలికి లేచేవారు. డాక్టరు చూసి, జబ్బేమీ లేదంటూ ఓ టానిక్కు రాసిచ్చాడు. అది తియ్యగా ఉందని సగం సీసా మా ఆయనే తాగేశారు.

మా ఇంటి ముందే వీధి కొళాయి. నీళ్లొచ్చిన రోజు ఆడవాళ్ల మధ్య యుద్ధమే. ఒకరోజు పక్కింటి అవ్వ మామ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏమబ్బా, ఊరందర్నీ అరిసి పిలిసినోడివి. ఈడ మేం కొట్టుకు సస్తా ఉంటే పండుకోనుండావే? వచ్చి మమ్మల్ని వరసలో పెట్టకూడదా?"

మామ కదల్లేదు. అవ్వ వదిలే రకం కాదు. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు ఖాళీ బిందె తెచ్చి కిటికీ చువ్వలకేసి కొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి మామ బనీనుతోనే బయటికొచ్చి, "సైలెన్స్!" అని అరిచారు. ఆయనకు అంత గొంతుందని నాకప్పుడే తెలిసింది. చేతిలో గరిటె జారిపోయింది.

వీధి మొత్తం నోరు మూసుకుంది. మామ పిలుపు అందుకున్నారు.

"మేడింటి కోడలూ... మేడింటి కోడలూ... మేడింటి కోడలూ... హాజర్!"

మూడో పిలుపుకూ పలక్కపోతే వాయిదా. అవ్వకు కాస్త చెవుడు. పైగా కాసేపటికే మళ్లీ మాటల్లో పడి తన పిలుపు వినలేదు.

"నీది వాయిదా పడినాది అక్కా. అందరి తర్వాతే నువ్వు" అన్నారు మామ.

"నిన్ను లేపిందే నేను! నాకే వాయిదానా?" అంటూ అవ్వ బిందె ఎత్తింది.

"కోర్టులో అరిస్తే జరిమానా ఏస్తా, సూడు!"

అని మామ తనే పకపకా నవ్వారు. ఆ నవ్వు చూసి అవ్వ బిందె దించేసింది.

ఆ తర్వాత నీళ్లొచ్చే రోజున మామ తెల్లారేసరికి గడ్డం గీసుకుని, కోర్టు రోజుల పాత తెల్లకోటు తొడుక్కుని సిద్ధమయ్యేవారు. నీళ్లు రాని రోజుల్లో తిన్నె మీద కూర్చుంటే ఎవరో ఒకరు తగాదా తెచ్చేవారు. తగాదా లేనివాళ్లు చింతచిగురు పప్పు తెచ్చేవారు. మామ మారు వడ్డించమని అడగసాగారు.

ఒకరోజు అన్నం కలుపుకుంటూ నాతో, "ఆ పొద్దు అట్లా పండుకోనుంటే, నేను పోయినా ఎవురికీ తెలీదనిపించేదమ్మా" అన్నారు. "ఇప్పుడు ఒక పూట కనపడకుంటే సాలు, ఆ ముసలామె ఇల్లు పీకి పందిరేస్తాది."

అన్నట్టే జరిగింది. ఆయన జ్వరంతో లేవలేకపోయిన రోజున ఆడవాళ్లంతా బిందెలు చంకలో పెట్టుకునే లోపలికొచ్చేశారు. అవ్వ మిరియాల కషాయంతో మంచం పక్కన కూర్చుంది.

"ఘాటుగా ఉండాది, నేను తాగను."

"తాగకుంటే ముక్కు పట్టుకోని పోస్తా!"

ఇద్దరూ ఇలా వాదులాడుకుంటుంటే మిగతావాళ్లు చెరోవైపు చేరి వంత పాడుతున్నారు. బయట ఎవరిదో బిందె నిండి నీళ్లు వీధిలోకి పొర్లిపోతున్నాయి. నేను కొంగు దోపుకుని కొళాయి కట్టేయడానికి పరిగెత్తాను.