కోలాటం మీద నేను తలపెట్టిన ప్రయోగం

భార్య పోయిన ఏడాది నేను నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. పాఠం చెప్పడానికి తప్ప నోరు విప్పేవాణ్ణి కాను. పొద్దున వండుకున్న అన్నం సగానికి పైగా మిగిలిపోయేది. నిద్ర పట్టేది కాదు. దీన్ని మా వీధివాళ్ళు మనాది అనేవారు. వాళ్ళ నిర్ధారణకు ఆధారాలు చాలవని నా అభిప్రాయం.

ఎదురింటి రైతు కోలాటం జట్టుకు గురువు. ఒక సాయంత్రం రెండు కర్రలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మూడు వారాలు ఆడండి మాస్టారూ. మనాది పారిపోద్ది."

"రుజువేమిటి?"

"రుజువేటండి? మా జట్టులో సగంమందిది ఇదే రోగం. ఆడతన్నారు, తింటన్నారు, పడుకుంటన్నారు."

ఆడకపోయినా వాళ్ళు కోలుకునేవారేమో కదా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. మూడు వారాలు ఆడి, మూడు వారాలు మాని, రెంటినీ పోల్చి ఆయన వాదం తప్పని తేల్చదలిచాను. మిగిలిన అన్నాన్ని రోజూ బడి త్రాసులో తూచి పుస్తకంలో రాసుకున్నాను.

నాకు జతగా దొరికినవాడు గుడి సన్నాయి విద్వాంసుడు. కొడుకు పోయాక సన్నాయి ముట్టని ముసలాయన. "కర్రకి కొట్టండి బాబూ, నా వేళ్ళకి కాదు!" అన్నదే మా తొలి సంభాషణ.

మూడు వారాల్లో మిగులు తగ్గింది. వ్యాయామం వల్ల ఆకలి సహజమని రాసుకుని, మానవలసిన రోజు రాగానే తలుపు వేసుకున్నాను.

జతలో ఒకరు రాకపోతే ఆట మొదలుపెట్టరనీ, జట్టంతా వాళ్ళింటికే వస్తుందనీ నాకెవరూ చెప్పలేదు.

"ఏటి మాస్టారూ, ఒంట్లో బాగునేదా?" గురువు గొంతు.

"బాగానే ఉంది. ఇవి నేను ఆడకూడని మూడు వారాలు," అన్నాను కిటికీలోంచి.

"మీ లెక్కలు మీరు రాసుకోండి," అన్నాడు ముసలాయన. "నానెవరి కర్రకి కొట్టాలి? గోడకా?"

అని ఊరుకోలేదు. తాళం తప్పకుండా నా గోడకే కొట్టసాగాడు. సున్నం రాలింది. గోడను కాపాడే నిమిత్తం బయటికి వచ్చాను. ప్రయోగం అక్కడితో చెడింది.

ఆట ముగిశాక అందరూ నా అరుగు మీదే చేరారు. "మీ ఆవిడ ఏటి బాగా వొండీవారు?" అని ముసలాయన అడిగాడు. ఏడాదిగా నన్ను ఎవరూ అడగని ప్రశ్న. బెండకాయ పులుసు గురించి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. మళ్ళీ చెప్పాను.

"బెల్లం కాస్త ఎక్కువేసీవారేమో," అన్నాడు గురువు.

"అసలు వేసేదే కాదు!" అని అరిచాను.

"బెల్లం నేకండా పులుసేటి మాస్టారూ!"

ఆ మాటకు రుజువు అడిగాను. చీకటిపడేదాకా నన్ను ఎవరూ లోపలికి పోనివ్వలేదు.